నెల రోజుల యుద్ధం, 27 ఏళ్ల బంగారం ఆంక్ష

నిడుబ్రోలు_కుర్రాడు:
అందరికీ నమస్కారం. లిబర్టేరియన్ ఆలోచన, అంటే మనిషి స్వేచ్ఛలో ప్రభుత్వం వీలైనంత తక్కువ జోక్యం చేసుకోవాలనే వాదం గురించి మనం ఇక్కడ చాలాసార్లు మాట్లాడుకున్నాం. ప్రతిసారీ అమెరికా దగ్గరే మొదలై అమెరికా దగ్గరే ఆగిపోతోంది. ఈసారి మన ఇంట్లో జరిగిన సంగతితో మొదలుపెడతాను.

1962 అక్టోబర్ 20న చైనా దాడి మొదలైంది. నవంబర్ 21న వాళ్లే కాల్పులు ఆపారు. అంటే దాదాపు నెల రోజులు. అక్టోబర్ 26న పెట్టిన ఎమర్జెన్సీ మాత్రం 1968 జనవరి దాకా నడిచింది. 1963 జనవరిలో మొరార్జీ దేశాయ్ ఆర్థిక మంత్రిగా ఉండగా, భారత రక్షణ నిబంధనల కింద బంగారం నియంత్రణ ఉత్తర్వు వచ్చింది. 14 క్యారట్లు మించిన బంగారంతో కొత్త నగ చేయకూడదు. కడ్డీలు, నాణేలు ఇంట్లో ఉంటే లెక్క చెప్పాలి. 1968లో దాన్ని ఏకంగా చట్టం చేశారు. అది రద్దయింది 1990లో. నెల రోజుల యుద్ధానికి 27 ఏళ్ల ఆంక్ష.

రాబర్ట్ హిగ్స్ అనే ఆర్థికవేత్త ఈ తీరునే రాట్చెట్ అన్నారు. లారీ కింద పెట్టే జాకీ చూసే ఉంటారు. ఒక్కో మెట్టే పైకి ఎక్కుతుంది, మీట తిప్పితే తప్ప కిందికి దిగదు. కష్టకాలంలో ప్రభుత్వం చేతికి వచ్చిన అధికారం కూడా అంతే, కష్టం తీరాక కొంచెం తగ్గుతుందేమో గానీ పాత చోటికి రాదు. యుద్ధం అంటే లిబర్టేరియన్లు అంతగా ఎందుకు భయపడతారో నాకు ఈ బంగారం కథ చదివాకే అర్థమైంది. ప్రాణనష్టం ఎలాగూ ఉంది. దాని వెనకాలే పన్ను, లైసెన్సు, సోదా వస్తాయి. వచ్చినవి ఇంట్లోనే కూర్చుంటాయి.

మీరేమంటారు?

మాధవరం_సిపాయిబిడ్డ:
తమ్ముడూ, నువ్వు రాసిన తేదీలు సరైనవే. కానీ నెల రోజుల యుద్ధం అని అంత తేలిగ్గా రాస్తే నాకు మనసొప్పలేదు.

మాది పశ్చిమ గోదావరి మాధవరం. రెండు ప్రపంచ యుద్ధాలకూ మా ఊరి నుంచి ఇంటింటికీ మనుషులు వెళ్లారు. మా నాన్నగారు 1962లో నేఫాలో, అంటే ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్‌లో ఉన్నారు. మంచు కొండల మీద నూలు బట్టలతో, పాత పాయింట్ 303 రైఫిళ్లతో నిలబడ్డారు. చలికి వేళ్లు కదలక బోల్టు లాగలేకపోయామని చెప్పేవారు. ఎందుకలా జరిగింది? అంతకుముందు ఏళ్లలో సైన్యం మీద ఖర్చు చేయలేదు కాబట్టి. 1962-63 బడ్జెట్‌లో రక్షణకు పెట్టింది సుమారు 376 కోట్లు. మరుసటి ఏడాది 867 కోట్లకు పెంచారు. ఆ డబ్బు ఎక్కడి నుంచి రావాలి? పన్ను వేయకుండా, విదేశీ మారకం మిగుల్చుకోకుండా తుపాకులు ఎవరిస్తారు?

పన్నంటే దోపిడీ అని లిబర్టేరియన్లు కొందరు అనే మాట గోడకు ఆనుకుని కూర్చుని చెప్పడానికి బాగుంటుంది. సరిహద్దులో ఉన్నవాడి ఇంట్లో కూర్చుని చెప్పండి.

కంసాలి_మనవరాలు:
నేను మామూలుగా ఇక్కడ చదివి వెళ్లిపోయేదాన్ని. ఇవాళ రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా తాతయ్యది గుంటూరు జిల్లాలో చిన్న ఊరు. కుంపటి, ఊదుగొట్టం, గీటురాయి, ఓ చిన్న త్రాసు. అంతే ఆయన ఆస్తి. బంగారం ఆయనది కాదు, ఊరివాళ్లది. పాత నగ తెస్తారు, కరిగించి కొత్త నగ చేసిస్తాడు, మజూరీ తీసుకుంటాడు. 1963 సంక్రాంతి వెళ్లగానే ఊళ్లో ఎవరూ పని ఇవ్వలేదట. 14 క్యారట్లంటే నూటికి 58 పాళ్లే బంగారం, మిగతాది రాగి, వెండి. ఆ బంగారంతో పుస్తెలు చేయించుకుంటావా అంటే ఏ తల్లి ఒప్పుకుంటుంది? పోనీ చేద్దామన్నా, ఆ కలుపు బంగారం గట్టిగా ఉండి సన్నటి పనికి లొంగదు. తాతయ్య చేయి 22 క్యారట్లకు అలవాటు పడిన చేయి.

రెండేళ్లు పొగాకు బేరన్ దగ్గర కూలికి వెళ్లాడు. మా నాన్నను బడి మాన్పించారు. ఆ రోజుల్లో కంసాలుల ఆత్మహత్యల గురించి పార్లమెంటులోనే సభ్యులు లేచి మాట్లాడారు. మా బంధువుల్లోనూ ఒకాయన అలాగే పోయాడు. ఇంట్లో ఇప్పటికీ ఆయన పేరు ఎత్తరు.

మాధవరం అన్నగారూ, మీ నాన్నగారి మీద నాకు గౌరవం ఉంది. యుద్ధం వచ్చినప్పుడు మా నాయనమ్మ కూడా చేతి గాజు తీసి రక్షణ నిధికి ఇచ్చింది. అది తనకు తానుగా ఇచ్చింది. రెండు నెలలు తిరక్కుండానే అదే ప్రభుత్వం ఆమె భర్త చేతిలో పని లాగేసింది. దానివల్ల సరిహద్దులో ఏ సైనికుడికి ఒక్క కోటు అదనంగా దొరికిందో నాకు చెప్పండి.

మాధవరం_సిపాయిబిడ్డ:
అమ్మా, ఈ సంగతి నాకు తెలియదు. గాజు ఇచ్చిన ఇంటికే ఇలా జరిగిందంటే బాధగా ఉంది. నా మాట పన్ను గురించి. కంసాలి పని ఆపడాన్ని నేను సమర్థించడం లేదు.

లెక్కలమాస్టారు:
ఇద్దరి మాటల మధ్యలో ఒక తేడా కనబడుతోంది. పన్ను వేరు, నియంత్రణ వేరు. పన్నుతో ఖజానాకు డబ్బు వస్తుంది. బంగారం ఉత్తర్వుతో నేరుగా వచ్చేదేమీ లేదు. బంగారం మీద జనానికి మోజు తగ్గించాలి, దొంగ రవాణా ఆపాలి, విదేశీ మారకం నిలబెట్టాలి అన్నది ఉద్దేశం. ఈ ఆలోచన యుద్ధానికి ముందు నుంచే ఢిల్లీలో ఉంది. మామూలు రోజుల్లో తెస్తే జనం ఒప్పుకునేవారు కాదు. యుద్ధకాలపు నిబంధనల చాటున తెచ్చారు. నిడుబ్రోలు అబ్బాయి చెప్పిన జాకీకి ఇది నిజంగా సరిపోయే ఉదాహరణ.

ఫలితం ఏమైంది? దొంగ రవాణా ఆగలేదు. పైగా బొంబాయి రేవుల్లో దానిమీదే పెద్ద పెద్ద ముఠాలు బతికాయి. అనుమతి ఉన్న సరుకు తగ్గి, కోరిక తగ్గనప్పుడు ధరలో తేడా పెరుగుతుంది, ఆ తేడా తినేవాడు పుడతాడు. దీనికి ఏ సిద్ధాంతమూ అక్కర్లేదు, బజారు తెలిస్తే చాలు.

అయితే అబ్బాయి వదిలేసిన సంగతులూ ఉన్నాయి. 14 క్యారట్ల నియమాన్ని 1966లోనే ఎత్తేశారు. అంటే జాకీ కొంత దిగింది. 1968 చట్టంలో మిగిలింది వేరే రకం. కంసాలికి సర్టిఫికెట్ ఉండాలి, 100 గ్రాములు మించి బంగారం దగ్గర పెట్టుకోకూడదు, వ్యాపారికి లైసెన్సు ఉండాలి, ఇంట్లో కడ్డీలు ఉండకూడదు.

మరో ఉదాహరణ. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం ప్రతి ఉత్తరం మీద అదనంగా 5 పైసల స్టాంపు అంటించాలన్నారు. నాకు బాగా గుర్తు. 1973లో అది పోయింది. నిజంగానే పోయింది. కాబట్టి వచ్చిన ప్రతి పన్నూ ఉండిపోతుందని సూత్రం రాయలేం. ఏది పోయింది, ఏది ఉండిపోయింది, ఎందుకు అని అడగాలి.

డల్లాస్_తెలుగు:
మాస్టారూ, స్టాంపు సంగతి మొదటిసారి వింటున్నాను, థాంక్స్.

ఇక్కడి నుంచి ఒక సంగతి. మన జీతంలో ప్రతి నెలా టీడీఎస్ పట్టుకుంటారు కదా. అమెరికాలో జీతం నుంచే పన్ను కోసుకునే ఈ పద్ధతి 1943లో, రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో వచ్చింది. అప్పట్లో ఖజానా శాఖలో పనిచేస్తూ దాన్ని తయారు చేసినవాళ్లలో ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ ఒకరు. తర్వాతి కాలంలో స్వేచ్ఛా మార్కెట్‌కు అంత పెద్ద గొంతుగా నిలిచిన ఆయనే! యుద్ధానికి డబ్బు త్వరగా కావాలి, అందుకని చేశారు. యుద్ధం అయిపోయి 80 ఏళ్లు దాటింది. నా పే స్లిప్పులో ఆ కోత ఇంకా ఉంది. చేతికి రాని డబ్బు పోయినట్టే అనిపించదు. ఏడాది చివర ఒకేసారి చెక్కు రాసి కట్టమంటే ఎంత కడుతున్నామో ప్రతివాడికీ తెలిసేది.

టెలిఫోన్ పన్ను కూడా అంతే. 1898లో స్పెయిన్‌తో యుద్ధానికి వేశారు, 2006 దాకా ఉంది.

లెక్కలమాస్టారు:
టెలిఫోన్ పన్ను కథ అంత సూటిగా లేదు బాబూ. 1902లో దాన్ని తీసేశారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది, 1932లో మాంద్యం రోజుల్లో మళ్లీ వచ్చింది. 2006లో ఆపింది దూర ప్రాంతపు కాల్స్ మీద. 1898 నుంచి ఏకబిగిన ఉందని చెబితే వినడానికి బాగుంటుంది గానీ నిజం కాదు. మన వాదన బలమైనదైతే దానికి ఇలాంటి ఊతం అక్కర్లేదు.

అసలు ఆదాయపు పన్ను చరిత్రే చూడండి. ఇంగ్లండ్‌లో 1799లో ఫ్రాన్స్‌తో యుద్ధం కోసం ప్రధాని పిట్ తెచ్చాడు. వాటర్లూలో నెపోలియన్ ఓడాక 1816లో పార్లమెంటు రద్దు చేసింది. 1842లో యుద్ధం సాకు లేకుండానే ప్రధాని పీల్ మళ్లీ తెచ్చాడు. మన దేశంలో 1857 తిరుగుబాటు ఖర్చులతో ఖజానా ఖాళీ అయితే 1860లో వైస్రాయ్ కౌన్సిల్‌లో ఆర్థిక వ్యవహారాలు చూసే జేమ్స్ విల్సన్ తెచ్చాడు. 1865లో పోయింది, 1886లో కొత్త చట్టంగా స్థిరపడింది. యుద్ధం తలుపు తెరుస్తుంది. ఒకసారి తలుపు ఎక్కడుందో తెలిశాక రెండోసారి తెరవడానికి యుద్ధం కూడా అక్కర్లేదు. నాకు అర్థమైనంతలో రాట్చెట్ కంటే ఇదే నిజానికి దగ్గర.

నిడుబ్రోలు_కుర్రాడు:
మాస్టారూ, 1966 సవరణ రాయకపోవడం నా పొరపాటే. తలుపు మాట నా మాట కంటే బాగుంది.

ఇప్పుడు మా ఊరి సంగతి. రైతు నాయకుడు ఆచార్య రంగా గారు మా నిడుబ్రోలు మనిషి. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్‌లో ఉమ్మడి సహకార వ్యవసాయం తీర్మానం చేశారు. రైతు భూమి రైతు చేతిలో ఉండదేమోనని రంగా గారు బయటికి వచ్చేశారు. అదే ఏడాది రాజాజీ, మీనూ మసానీలతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టారు. తొలి అధ్యక్షుడు రంగా గారే. 1962లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 19 సీట్లు, 1967లో 29 సీట్లు. లోక్‌సభలో 18 నుంచి 44కి పెరిగారు. నక్షత్రం గుర్తు మా తాతల కాలం వాళ్లకు ఇంకా గుర్తుంది. లైసెన్సులు, కోటాలు, పర్మిట్ల రాజ్యాన్ని ఆ రోజుల్లో అంత గట్టిగా ఎదిరించిన పార్టీ మరొకటి లేదు.

ఇంకోటి. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్టిన రేషనింగ్ యుద్ధం అయిపోయి ఏడేళ్లయినా నడుస్తూనే ఉంది. 1952లో రాజాజీ మద్రాసు ముఖ్యమంత్రి అయిన రెండు మూడు నెలలకే, జూన్‌లో, ఆహార ధాన్యాల మీద కంట్రోలు ఎత్తేశారు. అప్పటికి ఆంధ్ర జిల్లాలు మద్రాసులోనే ఉన్నాయి. ఢిల్లీలో ఆహార మంత్రి రఫీ అహ్మద్ కిద్వాయ్ దాన్ని సమర్థించి మిగతా చోట్ల కూడా సడలించారు. గోదాముల్లో దాక్కున్న బియ్యం బజారుకు వచ్చింది. మీట తిప్పే మనిషి ఉంటే జాకీ దిగుతుందని చూపించింది రాజాజీయే.

కడప_సుధ:
నిడుబ్రోలు తమ్ముడూ, రాజాజీ మీద నీకున్న అభిమానం నాకూ ఉంది. అయినా సగం కథే చెప్పావు.

దేశంలో వస్తువులన్నిటి మీదా అమ్మకపు పన్ను మొదట తెచ్చిందెవరు? 1939లో మద్రాసు ప్రధానిగా (ముఖ్యమంత్రిని అప్పట్లో అలా అనేవారు) రాజాజీయే. 1937లో సేలంలో, తర్వాత చిత్తూరు, మా కడపలో మద్య నిషేధం పెట్టారు. కల్లు, సారా మీద వచ్చే ఆదాయం పోయింది. ఆ లోటు పూడ్చడానికి అమ్మకపు పన్ను వేశారు. యుద్ధకాలంలో ఆయన ప్రభుత్వం దిగిపోయింది, గవర్నర్ పాలనలో మద్య నిషేధం ఆగిపోయింది. కల్లు దుకాణాలు మళ్లీ తెరుచుకున్నాయి, వాటి ఆదాయం మళ్లీ వచ్చింది. అమ్మకపు పన్ను పోయిందా? పోలేదు. ఇవాళ మనం జీఎస్టీ పేరుతో కడుతున్నది దాని మనవడినే. మంచి కారణంతో, మంచి మనిషి వేసినా పన్ను ఉండిపోతుందనడానికి ఇంతకంటే ఉదాహరణ వద్దు.

1952 సంగతికి కూడా ఒక జత ఉంది. 1947 డిసెంబరులో గాంధీజీ ఒత్తిడితో దేశమంతటా కంట్రోళ్లు ఎత్తేశారు. నెలల్లోనే ధరలు భగ్గుమన్నాయి, 1948లో మళ్లీ పెట్టాల్సి వచ్చింది. ఒకే మందు ఒకసారి పనిచేసింది, ఒకసారి వికటించింది. పంట ఎలా ఉంది, గోదాముల్లో ఎంత ఉంది, రైళ్లు నడుస్తున్నాయా అన్నది చూడకుండా మార్కెట్‌ను వదిలేస్తే చాలనడం నాకు సరిపడదు. ధర పెరిగితే వ్యాపారి సరుకు తెస్తాడు, నిజమే. ఆ తెచ్చేలోపు కూలివాడి కడుపు మాడుతుంది.

ఓరుగల్లు_బిడ్డ:
అందరికీ దండాలు. మా దిక్కు ముచ్చట ఒకటి చెప్పకుంటే ఇది నిండదు.

యుద్ధం రోజుల్ల నిజాం సర్కారు లెవీ గల్లా వసూలు చేసింది. పండిన పంటల ఇంత అని సర్కారు ధరకు ఇచ్చుడే. కాగితం మీద అందరికీ ఒక్కటే. దేశ్‌ముఖ్ వందల ఎకరాలు ఉన్నా లెక్కల తప్పించుకునేటోడు. ఐదెకరాల రైతు ఇంటికి వచ్చి గింజలు తూకం వేసుకొని పోయేది. తినడానికి మిగలకపోతే అదే దొర దగ్గర నాగుకు, అంటే వడ్డీకి గింజలు తెచ్చుకునేది. తెలంగాణ పోరాటానికి పానం పోసిన కోపాలల్ల ఈ లెవీ ఒకటి.

నేను మార్కెట్ మనిషిని కాదు. నాయకుల మీద, షావుకార్ల మీద నాకు ఒక్కతీరు అనుమానమే. కానీ సర్కారు యుద్ధం పేరు చెప్పి చేయి చాపినప్పుడు ముందు ఎవరి గింజలు పోతాయి, ఎవరి కుంపటి ఆరుతుంది అన్నది నేను అడుగుతా. అవుసలోళ్లకు (కంసాలోళ్లకు) అయినా, చిన్న రైతుకు అయినా జరిగింది ఒక్కటే. లిబర్టేరియన్లు దొర సంగతి కూడా అంతే గట్టిగా మాట్లాడితే నేను వాళ్లతోని కూసుంట.

మాధవరం_సిపాయిబిడ్డ:
వరంగల్ మిత్రుడి మాట బాగా తగిలింది.

నిడుబ్రోలు తమ్ముడికి ఒక ప్రశ్న. లిబర్టేరియన్లు యుద్ధానికి వ్యతిరేకులన్నావు. స్వతంత్ర పార్టీ 1962లో, ఏ కూటమిలోనూ చేరని అలీన విధానం వదిలి పశ్చిమ దేశాల సైనిక సాయం తీసుకోమని అడిగింది కదా. అది యుద్ధ వ్యతిరేకత ఎలా అవుతుంది? సైన్యం బలంగా ఉండాలంటూనే పన్ను వద్దంటే ఎలా కుదురుతుంది?

నిడుబ్రోలు_కుర్రాడు:
కుదరదన్నా. ఆ పార్టీలోనే ఈ పెనుగులాట ఉంది. చైనా దాడికి మూడు వారాల ముందు, 1962 సెప్టెంబరు చివర, రాజాజీ 83 ఏళ్ల వయసులో అమెరికా వెళ్లి కెన్నెడీని కలిశారు. అణు పరీక్షలు ఆపమని అడగడానికే ఆ ప్రయాణం. ఆయన విదేశీ ప్రయాణాలు అలవాటు లేని మనిషి, గాంధీ శాంతి ప్రతిష్ఠానం తరఫున వెళ్లారు. నెల తిరక్కుండా ఇక్కడ యుద్ధం. అప్పుడు పార్టీ ఆయుధ సాయం కోరింది. నేను దీన్ని మోసం అనను. దాడి జరిగినప్పుడు ఎదుర్కోవాలి, దానికి ఖర్చవుతుంది, ఆ ఖర్చు జనమే ఇవ్వాలి. ఇది నేనూ ఒప్పుకుంటాను. పన్ను మొత్తం దోపిడీ అనేవాళ్లతో నాకు పేచీ ఉంది.

నాకు మింగుడు పడనిది వేరే. 1963 బడ్జెట్‌లో తప్పనిసరి డిపాజిట్ పథకం పెట్టి, భూమి శిస్తు కట్టే రైతును కూడా అందులో కలిపారు. కృష్ణమాచారి గారు ఆర్థిక మంత్రి అయ్యాక చాలావరకు సడలించారు. ఆ ఎమర్జెన్సీ నడుస్తుండగానే 1964లో 17వ రాజ్యాంగ సవరణ వచ్చింది. ప్రభుత్వం స్వాధీనం చేసుకోగల ఎస్టేటు అన్న మాటలోకి, రైతు నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే రైత్వారీ భూమిని కూడా తెచ్చి 44 చట్టాలను కోర్టులకు అందకుండా తొమ్మిదో షెడ్యూలులో పెట్టారు. రంగా గారు దానిమీద పార్లమెంటులోనూ బయటా పోరాడారు. చైనాతో యుద్ధానికీ మా ఊరి రైతు మూడెకరాలకూ ఏమిటి సంబంధం?

డల్లాస్_తెలుగు:
సైన్యం గురించి ఒక్క మాట. వియత్నాం రోజుల్లో ఇక్కడ కుర్రాళ్లను బలవంతంగా సైన్యంలోకి తీసుకునేవారు. దాన్ని ఆపాలని సిఫారసు చేసిన కమిషన్‌లో ఫ్రీడ్‌మన్ సభ్యుడు, 1973లో ఆగింది. బలవంతపు సేవ అంటే ఆ కుర్రాడి మీద ఒక్కడి మీదే వేసిన పన్ను అని ఆ వాదన. మన దేశంలో ఆ పద్ధతి ఎప్పుడూ లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో 25 లక్షల మంది భారతీయులు తమంతట తాముగా చేరారు. మాధవరం వాళ్లు కూడా అలాగే వెళ్లారు కదండీ?

మాధవరం_సిపాయిబిడ్డ:
అవును. ఎవరూ ఈడ్చుకుపోలేదు. ఆ మాట మా నాన్న గర్వంగా చెప్పేవారు.

కడప_సుధ:
నా ప్రతిపాదన ఒకటి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి. యుద్ధం కోసం వేసే పన్నుకైనా ఆంక్షకైనా ముగిసే తేదీ చట్టంలోనే రాయాలి. ఆ తేదీ దాటితే దానంతట అదే పోవాలి. కావాలంటే మళ్లీ సభలో ఓటు పెట్టి తెచ్చుకోవాలి. మాస్టారు చెప్పిన 5 పైసల స్టాంపు ఎందుకు పోయింది? శరణార్థులు వెళ్లిపోయారు, స్టాంపు ప్రతి ఇంటికీ కనబడుతోంది, అందరూ అడుగుతున్నారు. అమ్మకపు పన్ను ఎందుకు ఉండిపోయింది? అది ధరలో కలిసిపోయి కంటికి కనబడదు.

లెక్కలమాస్టారు:
తేదీ రాయడం మంచిదే. ఆ తేదీని ప్రతిసారీ పొడిగిస్తూ పోయే అలవాటు కూడా మన సభలకు ఉంది, అది మరవకండి. పొడిగించే ముందు వసూలైన మొత్తం ఎంత, దేనికి ఖర్చయింది అన్నది సభ ముందు పెట్టాలన్న షరతు కూడా ఉండాలి. లెక్క అడిగితేనే మీట తిరుగుతుంది.

ఓరుగల్లు_బిడ్డ:
ఎవరి మీద ఎంత పడ్డది అన్న లెక్క కూడా పెట్టాలె మాస్టారూ. మొత్తం ఒక్కటి చూపిస్తే దొర మళ్ల దాక్కుంటడు.

లెక్కలమాస్టారు:
సరిగ్గా చెప్పావు బాబూ. అది కూడా ఉండాల్సిందే.

కంసాలి_మనవరాలు:
నిన్న అమ్మతో మాట్లాడాను. తాతయ్య 1966 తర్వాత మళ్లీ కుంపటి వెలిగించాడు గానీ పాత ఖాతాదారుల్లో సగం మంది పట్నం షాపులకు అలవాటు పడిపోయారట. చట్టం వచ్చాక సర్టిఫికెట్ తీసుకున్నాడు. ప్రతి నగకూ ఎవరి బంగారం, ఎంత బరువు, ఎప్పుడు తిరిగి ఇచ్చాడు అని పుస్తకంలో రాయాల్సి వచ్చేది. ఆయనకు చదువు రాదు, అందుకని రోజూ సాయంత్రం బడి నుంచి వచ్చాక మా అత్తయ్య రాసేది. తూకం చెప్పేటప్పుడు తాతయ్య గొంతు వణికేదట, ఒక్క గురిగింజ ఎత్తు తప్పు పడినా తనిఖీకి వచ్చినవాళ్లు ఏమంటారోనని.

1990లో చట్టం పోయిందని రేడియోలో విన్నప్పుడు ఆయనకు 74 ఏళ్లు. అప్పటికి చూపు తగ్గింది, పని మానేసి నాలుగేళ్లు. ఆ పుస్తకాలు మాత్రం పారేయనివ్వలేదు, ఎవరైనా వచ్చి అడుగుతారని. అటక మీద ఇంకా ఉన్నాయని అమ్మ అంటోంది. ఆదివారం ఊరు వెళ్తున్నాను. దొరికితే పేర్లు కనబడకుండా రెండు పేజీలు ఫొటో తీసి ఇక్కడ పెడతాను.